ముహూర్తానికి మొదలైన సర్వరు

మా మావకు నరసన్నపేటలో కేబుల్ వ్యాపారం. మొదట టీవీ వైర్లు లాగాడు, తర్వాత అవే స్తంభాల మీద ఇంటర్నెట్ వైర్లు లాగాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి ఆయన ఆఫీసులో బిల్లులు రాయడానికి చేరాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసినదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. అక్కడ కిటికీ పక్క బీరువాలో నెట్‌వర్కుల మీద లావుపాటి పుస్తకాలుండేవి. ఎవరో ఇంజనీరు బదిలీ మీద వెళ్తూ ఇచ్చేశారట. పరీక్ష కోసం చదివేవాళ్ళు పరీక్షకు సరిపడా చదువుతారు. నాకు పరీక్ష లేదు కాబట్టి ముందుమాట నుంచి చివరి అట్ట దాకా చదివాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ చదువు పుణ్యమా అని ఆఫీసులో పేర్ల సర్వరు, అంటే డీఎన్ఎస్, మెల్లగా నా చేతికి వచ్చింది. మనం ఫోనులో ఒక సైటు పేరు కొడతాం. యంత్రాలకు పేర్లు పట్టవు, నెంబర్లు కావాలి. పేరు అడిగితే నెంబరు చెప్పడం ఈ సర్వరు పని. అది పడుకుందంటే వైర్లు బాగానే ఉంటాయి, ఇళ్ళలో పెట్టెల మీద పచ్చ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఊళ్ళో ఒక్క పేజీ తెరుచుకోదు.

పాత సర్వరు ఎండాకాలం వచ్చేసరికి చీటికీ మాటికీ ఆగిపోతోంది. మావ కొత్త మిషన్ కొన్నాడు. పాతదాన్లో ఉన్నవన్నీ దీన్లోకి మార్చాలి. ఎవరు మార్చాలన్నదే గొడవ. విశాఖపట్నం కాంట్రాక్టరు ఒకాయన నెలకింత తీసుకుని సర్వరు గదంతా చూసుకుంటానంటున్నాడు. నేను చేస్తానన్నాను.

"పుస్తకం సదివి స్తంభం ఎక్కీగలవేటే?" అన్నాడు మావ.

"స్తంభం నువ్వెక్కు మావా. లోపల పని నాకొగ్గీ."

చివరికి ఒక మాట మీదకు వచ్చాం. మార్చేది నేను. నా వల్ల కాకపోతే గది తాళం కాంట్రాక్టరుకు, నేను మళ్ళీ బిల్లుల బల్ల దగ్గరికి.

మావ పంతులు గారి చేత ముహూర్తం పెట్టించాడు. అది పొద్దున్న పూట వచ్చింది. ఆ వేళప్పుడు ఊరంతా ఫోన్ల మీదే ఉంటుంది, సర్వరు ఆపడానికి కుదరదు. అందుకని ముహూర్తానికి కొత్త మిషన్ ఆన్ చేసి పూజ చేసుకోండి, అసలు మార్పు మధ్యాహ్నం ఊరు కునుకు తీసేటప్పుడు చేస్తాను అని చెప్పాను. నేను వెళ్ళేసరికి పూజ అయిపోయింది. మిషన్ నిండా పసుపు, కుంకుమ బొట్లు. గాలి ఆడే చిల్లుల మీద బంతిపూల దండ. బొట్లు ఉండనిచ్చి దండ మాత్రం తీసి పక్కన పెట్టాను.

మధ్యాహ్నం పాతదాన్ని ఆపి, నెట్‌వర్కులో దాని నెంబరు కొత్తదానికి ఇచ్చాను. ఫైళ్ళు ముందురోజే దాన్లోకి తెచ్చిపెట్టి, ముహూర్తం కోసం మిషన్‌ను మళ్ళీ ఆపి ఉంచాను. పేర్ల సర్వరును మొదలవ్వమన్నాను. మొదలవ్వలేదు. మళ్ళీ అన్నాను. ఊహూఁ. సరే, ఇవాళ్టికి పాతదాన్నే లేపుదామని దాని బొత్తం నొక్కితే, అది అలవాటైన రొద కూడా చెయ్యలేదు. అంతటితో దాని పని అయిపోయింది.

ఫోన్లు మొదలయ్యాయి. "వస్తాదండి, ఇదిగో వచ్చీస్తాది" అని మావ అందరికీ ఒకటే పాట. తర్వాత నా ఎదురుగానే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. "శ్రీకాకుళంలోనే ఉన్నాడంట. బయల్దేరుతన్నాడు. అతనొచ్చీలోగా నీ పుస్తకాలేటి సెప్తాయో సూసుకో."

మార్చిన తర్వాత సర్వరు లేవకపోతే ముందు ఫైళ్ళు తెరిచే హక్కు ఎవరి పేరు మీదుందో చూడమని నా పుస్తకం చెప్పింది. చూశాను. కొన్ని నిజంగానే తప్పు పేరు మీద ఉన్నాయి. సరిచేశాను. లేవలేదు. రాసిపెట్టిన ఆదేశాల్లో చుక్కలూ కామాలూ వెతికాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఎన్నిసార్లు నొక్కినా తెర మీద చివర ఒకే ముక్క: మొదలు కాలేదు.

అప్పుడు నాకే నవ్వొచ్చింది. ముందుమాట కూడా వదలకుండా చదివే మనిషిని, దీన్ని మాత్రం చివరి వాక్యం పట్టుకుని వేలాడుతున్నాను. పైకి వెళ్ళి మొదటి నుంచి చదివాను. మధ్యలో ఉంది కారణం. యాభై మూడో నెంబరు ఖాళీగా లేదు.

ఒక్కో పనికి మిషన్‌లో ఒక్కో నెంబరు గుమ్మం ఉంటుంది. పేర్లు అడిగేవాళ్ళంతా యాభై మూడు దగ్గరికే వస్తారు. అక్కడ ఇద్దరు కూర్చోలేరు. ఎవరు కూర్చున్నారా అని చూస్తే, మిషన్‌తో పాటు వచ్చిన చిన్న పేర్ల ప్రోగ్రాం. ముందురోజు నేను ఫైళ్ళు పెట్టినప్పుడు అది నడవడం లేదు. పొద్దున్న సరిగ్గా ముహూర్తం వేళకు లేచినట్టు తెర మీద రాసి ఉంది.

"మావా, పూజప్పుడు దీంట్లో ఏటైనా నొక్కేవా?"

"నొక్కేను. ఉత్తినే ఆన్ సేసీసి ఊరుకుంటే పని మొదలైనట్టేటి? ఫ్యాను తిరగడానికా నాను ముహూర్తం పెట్టించింది? తెర మీద డీఎన్ఎస్ అని ఉన్నాది, పక్కన బొత్తం ఉన్నాది. పంతులు గారు ఊఁ అన్నారు, నొక్కీసేను."

"అదే అడ్డంగా కూసున్నాది. ఆపీయాల."

మావ ముఖం మారిపోయింది. "ముహూర్తానికి ఎత్తుకున్న పని మధ్యాన్నానికి ఆపీస్తావేటే? యాపారం ఏటవ్వాల?"

ఆఫీసు వెనకే ఉన్న ఇంట్లోంచి అత్త మజ్జిగ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది. "గృహప్రవేశానికి పాలు పొంగించీసి పొయ్యి ఆర్పీలేదా మనం? ఏడాదంతా పొంగిస్తన్నామేటి?"

"పాలు వేరు, యాపారం వేరు."

"నీ యాపారం ఇప్పుడు పడుకునే ఉన్నాది కదా" అంది అత్త. మావ వినలేదు. ఇంతలో ఫోను. కాంట్రాక్టరు దారిలో సింగుపురం దాటాడట.

మావ అటు తిరిగినప్పుడు ఆపేయొచ్చు. కానీ ఆ గది నాకు కావాలి, మావను మోసం చేసి తీసుకోవాలని లేదు. పుస్తకంలో గుమ్మాల నెంబర్ల అధ్యాయం గుర్తు చేసుకున్నాను. ఏ ప్రోగ్రాంనైనా వేరే నెంబరుకు మార్చుకోవచ్చు.

"ఆపను మావా. దీన్ని పక్క గుమ్మంలో కూసోబెడతాను. అక్కడ దాని పని అది సేసుకుంటాది."

"అక్కడికి ఎవలొస్తారు?"

"ఎవలూ రారు."

"నడుస్తానే ఉంటాది కదా?"

"ఉంటాది. మారీటప్పుడు ఒక్క రెప్పపాటు కన్ను మూసి తెరుస్తాది."

మావ గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వర్జ్యం ఎప్పుడో చూసుకుని వచ్చాడు. "మార్సీ. బేగి."

మార్చాను. యాభై మూడు ఖాళీ అయింది. అసలు సర్వరును మొదలవ్వమన్నాను. ఈసారి మొరాయించకుండా లేచింది. మావ తన ఫోనులో ఏదో తెరిచి చూసుకున్నాడు, మూసి మళ్ళీ తెరిచాడు. అత్త నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

కాంట్రాక్టరు వచ్చేసరికి ఆఫీసు ఫోను చల్లబడింది. అంత దూరం వచ్చాడు కదా అని కుర్చీ వేశాం. ఆయన నెమ్మదిగా అన్నీ చూశాడు. "ఫైళ్ళు కూడా సరైన పేరు మీదకి మార్చారు, బాగుందమ్మా" అన్నాడు. తర్వాత తెర మీద ఒక చోట ఆగాడు. "ఈ చిన్నదెందుకు నడుస్తోంది? దీన్నెవరూ అడగట్లేదు. తీసేద్దామా?"

ఆయన వేలు మీట మీదకు వెళ్ళేలోపే మావ లేచాడు. "దాన్ని ముట్టుకోకండి బాబూ."

"ఏం, ఎందుకండీ?"

మావ చెప్పబోయి ఆగి, నా వైపు చూశాడు. "దాని సంగతి మా మేనకోడలికి తెలుసు. ఈ గదిలో ఏది ఉంచాల, ఏది తియ్యాల, అదే సూసుకుంటాది. మీరు లెగండి, బోంచేద్దురు గాని."

కాంట్రాక్టరు మంచివాడు, నవ్వేసి అత్త వెనకాలే చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను కింద కూర్చుని పాత సర్వరు వైర్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.