ఆకు లోపలి మాట

ఎల్లారెడ్డిలో బీడీలు చేసే ఆడవాళ్లకు నోటికి పని ఎక్కువ. చేతులు వాటి మానాన అవి చుడుతుంటే నోరు ఊరంతా తిరిగొస్తుంది. గంగ మాత్రం మొగుడు చందర్ పోయినప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. భిక్నూర్ దగ్గర హైవే మీద అతన్ని లారీ గుద్దింది. కామారెడ్డి ఆస్పత్రి నుంచి శవాన్ని తెచ్చిన రోజు వాడకట్టంతా ఏడ్చింది, గంగకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆకలి, నిద్ర, కోపం, ఏదీ సరిగ్గా తెలియడం లేదు. "దాని గుండె బండరాయి" అని అత్త హన్మవ్వ గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకునేది. కొడుకు పోయిన తల్లి, ఎవరో ఒకరి మీద ఆ మంట కక్కాలి కదా.

గంగ ఏడో తరగతి దాకా చదివింది. ఒకరోజు, బీడీ చుట్టడానికి కత్తిరించిన తునికాకు లోపలివైపు, బీడీ మూతి మడిచే ఇనుప పుల్లతో 'నిద్ర పట్టలే' అని గీకింది. ఎందుకు గీకిందో ఆమెకే తెలియదు. దాని మీద తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేసింది. కాస్త ఊపిరాడినట్టయింది. అప్పటి నుంచి రోజూ ఒక ఆకు తనది. ఆ మాట ఎవడి నోట్లోనో పొగైపోతుంది, ఎవరూ చదవరు. ఆ ఇంట్లో గంగకంటూ మిగిలిన చోటు అదొక్కటే, బెత్తెడు కూడా లేదు.

అదీ దక్కలేదు. కంపెనీ తరఫున బీడీలు తీసుకునే రాజ్‌కుమార్, తంబాకు సరిగ్గా పడిందో లేదో చూద్దామని గంగ కట్టలోంచి ఒకటి విప్పాడు. మర్నాడు ఆ ఆకు పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"ఏందక్కా ఇది, మంత్రమా? తాగెటోళ్లు భయపడరా?" అంటూ హన్మవ్వ ముందే పైకి చదివాడు. "ఇయ్యాల గూడ ఏడ్పు రాలే."

హన్మవ్వ లేచి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. గంగ ఆకులు, తంబాకు ఉన్న చాట ముందేసుకుని కూర్చుంది కానీ ఆ రోజు ఏమీ రాయలేదు, మర్నాడూ రాయలేదు.

ఆ పైరోజు హన్మవ్వ వచ్చి చాటకు అవతల కూర్చుంది. ఆకు తీసుకుంది, పుల్ల తీసుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఆకును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దాని నిండా అడ్డంగా నిలువుగా గీతలు గీసింది. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది.

"ఏం రాసినవత్తమ్మా?" గంగ అడిగింది. చాలా రోజులకు తనంతట తాను అన్న మాట అది.

"నువ్వేం రాస్తవో నేనడుగుతున్ననా?"

హన్మవ్వ దాన్ని నోట్లో పెట్టుకుంది. ఆరని పచ్చి బీడీ, ఓ పట్టాన అంటుకోలేదు. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. ఇంకొకటి గీసి, గోడకు ఒరిగి, చివరిదాకా తాగింది. తర్వాత ఇనుప పుల్లను గంగవైపు నెట్టి, ముఖం అటు తిప్పుకుంది.

గంగ ఆకు అందుకుంది. ఏం రాసిందో మనమూ అడగొద్దు.