గొడ్డు అబద్ధం ఆడదు

ఇరవై రెండేళ్లుగా ఒక మాటను లోపల మోస్తున్నాను. ముందే ఎందుకు రాయలేదంటే నాకు అక్షరాలు రావు. ఇంకొకరి చేత రాయిద్దామంటే ముందు వాళ్లకు నోటితో చెప్పాలి. నోటితో చెప్పగలిగితే ఇక రాత దేనికి? పోయిన ఏడాది సంఘం ఆడవాళ్లతో కలిసి పలక పట్టాను. మనవరాలు నవ్వింది. నవ్వనీ. 'దూడ' అని రాయటం వచ్చిన రోజే అనుకున్నాను, ఇది రాయక తప్పదని.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

నాకూ మా తోడికోడలు రవణమ్మకూ ఒకటే కొట్టం. నా గేదె మా పుట్టింటివాళ్లు తోలిచ్చింది. మూడు ఈతలూ దున్నదూడలే వేసింది. ఈసారీ దున్నే అయితే దాన్ని సంతకు తోలటమే అని మా అత్త తేల్చేసింది.

ఆ తెల్లవారుజామున రెండు గేదెలూ ఒకేసారి నొప్పులు పడ్డాయి. నాది ముందు ఈనింది. మళ్లీ దున్న. గేదె పడుకునే ఉంది, వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. అప్పుడే రవణమ్మ గేదెకు దూడ తల బయటికొచ్చింది. నుదుట తెల్లమచ్చ. ఇంట్లో ఆమె చంటిపిల్ల ఏడ్చింది.

"అక్కా, కాస్త చూస్తా ఉండు. పిల్లకు పాలిచ్చి వస్తా" అని పోయింది.

చూస్తూనే ఉన్నాను. జారి పడింది. పెయ్యదూడ.

ఆవేశంలో చేశానంటే అబద్ధం. ఆలోచించే చేశాను. తల్లి నాకకముందు దూడ ఎవరిదీ కాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా గేదెది గడ్డి మీద పడ్డ ఉమ్మనీరు చేతులతో తీసి పెయ్యకు ఒళ్లంతా పూశాను. నా గేదె మూతి ముందు పెట్టాను. నా దున్నదూడకు అటువైపుది పూసి అటు పెట్టాను. రెండు గేదెలూ నాకటం మొదలుపెట్టాయి. నా గేదె గొంతులో సన్నని మూలుగు. సొంత దూడలప్పుడు విన్న మూలుగే. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు.

రవణమ్మ తిరిగొచ్చింది.

"మచ్చ నా దూడకు గదక్కా ఉండాలి?"

"చీకట్లో నువ్వేం చూశావే?"

ఆమె ఊరుకోలేదు. ఐదో రోజు పెద్దమనుషులొచ్చి రెండు దూడల్నీ వాకిట్లో వదిలారు. పెయ్య ఉరికి నా గేదె పొదుగు కిందికి దూరింది. "గొడ్డు అబద్ధం ఆడదు. ఆడదే ఆడుద్ది" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దూడను మార్చటం కన్నా ఆ నవ్వే పెద్ద పాపమా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్నది అదే. అవును, అదే.

దున్నదూడకు ఎవరు పాలు వదులుతారు? నెలకే చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెడితేనే రవణమ్మ గేదె పొదుగులోకి పాలు చేపేది. తన బిడ్డ కానిదాన్ని, అదీ గడ్డిబొమ్మను, అది నాకుతుంటే రవణమ్మ పాలు పిండేది. నేను పక్కనే పిండేదాన్ని.

నా గేదె సంతకు పోలేదు. అందుకు నేను బాధపడను. నాకింది, చేపింది, తల్లయింది. ఆ తల్లితనం దొంగదని ఎవరన్నా ఒప్పుకోను. ఆడదాని మాట కన్నా దూడ పరుగు నమ్మిన పెద్దల తప్పూ నేను మోయను. కానీ రవణమ్మ చూసింది నిజం. దాన్ని అబద్ధం చేసిన తప్పొక్కటే నాది.

ఇంతవరకూ నిన్న రాశాను. ఇవాళ పొద్దున కాగితం మడిచి రొంటిన దోపుకుని నీళ్లకు పోయాను. పంపు దగ్గర రవణమ్మ బిందె పెట్టి ఉంది. ఎదురింటి ముసలామె ఆ పంచాయితీ నాటి నుంచీ ఆడే ఎగతాళే మళ్లీ ఎత్తుకుంది: "ఏమే రవణా, మచ్చ కనపడిందా?"

కాగితం తీశాను. కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదివాను, అందరికీ వినపడేట్టు. తల దించింది అక్షరాల కోసమే. చివరి దాకా ఎవరూ నవ్వలేదు. రవణమ్మ బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె పక్కకు తీయలేదు. అయిపోయాక బిందె చంకనెత్తుకుని, నా వైపు చూడకుండా పోయింది.

నా బిందె పెట్టాను.