అన్నయ్యకు సగమే చెప్పిన రాజు కథ

ఇరవై ఏళ్లకు పైగా ఒక రాజును తిట్టి జీతం తీసుకున్నదాన్ని నేను. విజయవాడలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇంగ్లండు చరిత్ర పేపరులో, వెయ్యేళ్ల కిందటి పాఠంలో వస్తాడతను. అన్నను ఎవరో చంపేస్తే చిన్నతనంలోనే గద్దె ఎక్కాడు. అతని కాలమంతా వైకింగులు ఓడలేసుకుని సముద్రం మీద నుంచి వచ్చి ఊళ్లు తగలబెట్టారు. అతను వెండి ఇచ్చి పంపించేవాడు. వాళ్లు కొన్నాళ్లకు ఇంకొన్ని ఓడలతో వచ్చేవారు. "ఇంట్లో దూరినవాడికి అన్నం పెట్టి, కూర నచ్చిందా అని అడిగే రకం" అని నేనంటే క్లాసంతా నవ్వేది. నన్నెవరూ రాజ్యం ఏలమనలేదు కాబట్టి నాకు ధైర్యం ఎక్కువ.

ఏలవలసివచ్చినవాడు మా అన్నయ్య. బందరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరికి అతనే పెద్ద. మాది చేపల మీద బతికే ఊరు. చిన్న ఫైబరు పడవలు, చేతి వలలు. దక్షిణాది రేవుల నుంచి పెద్ద మరబోట్లు మా నీళ్లలోకి రావడం మొదలెట్టి పదేళ్లయింది. అవి ఒక్కసారి లాగితే మా వాళ్ల వలలు పీలికలవుతాయి. లోతును మా వాళ్లు బారల్లో కొలుస్తారు. పది బారల లోతుకు ఇవతల రావద్దని అన్నయ్య మొదట ఒప్పందం చేసుకున్నాడు. మరుసటేడు వాళ్లు గట్టిగా మాట్లాడితే ఎనిమిదికి దిగాడు. ఆ తర్వాత ఆరు. పోట్లాట లేకుండా చేశానని ప్రతిసారీ ఊపిరి పీల్చుకునేవాడు.

పోయినేడు వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు అన్నం తింటూ మళ్లీ అదే చెప్పాడు. ఈసారి ఐదు అడుగుతున్నారట.

"ఇచ్చెయ్ అన్నయ్యా. ఐదెందుకు, ఇసకలోకి రమ్మను. మన వాకిట్లో లంగరేసుకుంటారు."

"నోరు ముయ్యవే. కాలేజీలో కూచుని చెప్పడం తేలిక. పదిమంది తలకాయలు పగిలితే ఆసుపత్రికి నువ్వొస్తావా?"

అప్పుడు చెప్పాను రాజు కథ. నీలాగే ఇచ్చాడు, ఇచ్చాడు, తెగ ఇచ్చాడు అన్నాను. అన్నయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మరి ఆఖరుకేం చేశాడే?"

"ఒకరోజున తెగించాడు. ఆ ఓడలవాళ్ల జాతివాళ్లు చాలామంది అప్పటికే అతని దేశంలో ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని కని ఉంటున్నారు. లోపలివాళ్లే బయటివాళ్లకి కబుర్లందిస్తున్నారని అనుమానమొచ్చి, ఒక్కరోజులో అందర్నీ లేపెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు."

బయట ఆటో హారన్ కొట్టాడు. బందరులో బస్సు అందుకోవాలి. నేను సంచీ తీసుకుని లేచాను. వాదనలో నా మాటే పైనుంది, అంతకన్నా నాకేం కావాలి?

ఆ పాఠంలో మిగతా సగం ఉంది. అది చెప్పలేదు. క్లాసులో అయితే గంట కొట్టాక కూడా ఆపి చెబుతాను.

మా ఊళ్లో కూడా ఒక లోపలివాడున్నాడు. మా చిన్నాన్న కూతురి మొగుడు. పదిహేనేళ్ల కింద మా తీరం దాటిపోతున్న అలాంటి మరబోటు మీదే కళాసీగా పనిచేస్తూ వచ్చి, జ్వరమొచ్చి మా ఊళ్లో దిగబడి, మా పిల్లను చేసుకుని ఉండిపోయాడు. తెలుగు ఇప్పటికీ కొంచెం వంకరే. అన్నయ్య అతన్ని "బావా" అని నోరారా పిలిచేవాడు. మా ఊరి నీళ్లలో ఎక్కడ ఇసకమేట ఉందో, ఎక్కడ మునిగిన పడవ ఉందో కళ్లుమూసుకుని చెప్పేవాడు ఆ మనిషి.

నేను విజయవాడ వచ్చేసిన రెండు వారాలకు, మరబోట్లవాళ్లకి కబుర్లందిస్తున్నాడని అతన్ని వెలివేశారు. మా ఊళ్లో చంపరు. రామాలయం దగ్గర పెద్దలు కూచుని ఒక మాట అంటారు, అంతే. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే తప్పు కట్టాలి, అంటే జరిమానా. అన్నిటికన్నా పెద్దది, ఆ ఇంటి పడవ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఒడ్డు మీదున్న పడవను అలల్లోకి తొయ్యాలంటే ఎనిమిది మంది భుజాలు కావాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరు.

ఆ చెల్లెలే ఫోన్ చేసింది. "అక్కా, ఆయన పాతోళ్లతో మాట్లాడి పన్నెండేళ్లయింది. మా ఫోను కావాలంటే చూసుకోమన్నాం. ఎవరూ చూడటానికి కూడా రాలేదు. నువ్వు చెబితే అన్నయ్య వింటాడు."

వింటాడు. ఆ సంగతి నాకప్పటికే తెలుసు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అన్నయ్య వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"బుద్ధుందా నీకు? ఏం సాక్ష్యం ఉంది?"

"నువ్వు చెప్పిందేగా చేశా. లోపలోణ్ణి తెంపితే గానీ బయటోడు ఆగడన్నావు."

"నేనలా అన్లేదు. ఆ రాజు అలా అనుకున్నాడన్నాను."

"అనుకుని ఏం బావుకున్నాడో చెప్పకుండా పోయావుగా!"

చెప్పాను. చచ్చినవాళ్లలో ఆ ఓడలవాళ్ల రాజు చెల్లెలు కూడా ఉందని అంటారు. ఓడలు ఈసారి వెండి కోసం రాలేదు. చివరికి, ఆజ్ఞ ఇచ్చిన రాజు తన పెళ్లాం పిల్లల్ని సముద్రం దాటించి, తనూ వాళ్ల వెనకే పారిపోయాడు.

అన్నయ్య వల పక్కన పడేశాడు. "ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"ఇప్పుడు చెప్పాను. మాట వెనక్కి తీసుకో."

"పది మంది కలిసి అన్న మాట. నేనొక్కణ్ణే వెనక్కి తీసుకుంటే రేపు నా మాటెవడు వింటాడే? మరబోట్లవాళ్లు వింటారా? మన కుర్రాళ్లు వింటారా?"

"ఇన్నేళ్లూ ఎవడు విన్నాడని?"

అతని మొహం నల్లబడింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు.

ఒడ్డుకు వెళ్లాను. చెల్లెలు, అతను పడవకు చెరోవైపు ఉన్నారు. నేను చీర దోపి భుజం ఆనించాను. ముగ్గురం కలిసి తోశాం. జానెడు కదిలి ఇసకలో దిగబడింది. చుట్టూ పాతికమంది మగాళ్లు వలలు దులుపుకుంటూ సముద్రం వైపు చూస్తున్నారు. వాళ్లలో సగం మందిని నేను ఎత్తుకు తిప్పాను. పేర్లు పెట్టి పిలిచాను, తిట్టాను. ఒక్కడూ తల తిప్పలేదు.

"వదినా, చాలండి. నడుం పట్టేస్తది" అన్నాడతను.

నెల తిరక్కుండా వాళ్లు సామాను ఆటోలో వేసుకున్నారు. పడవను కొనేవాడు లేడు, వదిలేశారు. ఆ రోజు నేనూ వెళ్లి చెల్లెలి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. "నాతో మాట్లాడితే తప్పు కట్టాలక్కా" అంది. నవ్వలేదు, ఏడవలేదు. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు గానీ మెట్టు దిగలేదు.

వానలు తగ్గాక అన్నయ్య ఫోన్ చేశాడు. మరబోట్లు మూడు బారల్లోకి వచ్చేశాయట. ఇంతకుముందు ఇసకమేటల భయానికి అంత లోపలికి వచ్చేవి కావు. ముందు బోటు కొసన నిలబడి చేత్తో దారి చూపిస్తున్నది వెలివేసిన ఆ మనిషేనట. ఒక్క మేటకూ తగలకుండా తెచ్చాడట. మన వలలు పద్నాలుగు పోయాయన్నాడు.

"చెయ్యెత్తి నన్ను పిలిచాడే. బావా అని" అన్నాడు అన్నయ్య.



"ఇప్పుడేం చెయ్యమంటావే?"

నా జీవితంలో ఎవరేమడిగినా జవాబు లేకుండా లేను.  అటునుంచి అన్నయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు.