దొంగ పేరు తిన్న మేక

1961లో, సీతాఫలాలు సంతకు వచ్చే రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున తాండూరులో శాంతవ్వ మేక ఒక దొంగ పేరు తినేసింది.

పేరు ఒక్కటే తినాలని దాని ఉద్దేశం కాదు. దానికి కావలసింది మైదా గంజి. ఆ గంజి ‘పడవలో పులి’ అనే నవల చివరి పదహారు పేజీలకు పూసి ఉంది. జమీందారుగారి ముత్యాల హారం ఎవరు ఎత్తుకుపోయారో, అసలు పడవలోకి పులి ఎందుకు వచ్చిందో, ఆ పదహారు పేజీల్లోనే ఉంది. శాంతవ్వ నీళ్ల బిందెతో తిరిగి వచ్చేసరికి మేక అట్ట దగ్గర ఆగి ఉంది. అట్ట దానికి నచ్చలేదు.

తప్పు మేకది కాదని శాంతవ్వే ఒప్పుకుంది. గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, మేక ముట్టదు. పదేళ్లలో ఒక్క రోజూ మరవనిది ఆ రోజు మరిచింది.

పుస్తకాలకు జిల్దు, అంటే బైండింగు, కట్టడం శాంతవ్వ పని. తాండూరులో ఆ పని చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. తల్లి ఎంకమ్మ బండల గనిలో రాళ్లు కొట్టేది. శాంతవ్వ కూడా పదిహేనేళ్లకే సుత్తె పట్టింది. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన పిల్ల ఎండలో రాళ్లు కొట్టడం చూడలేక, ఆ బడి మత్తయ్య సారు పిలిచి సూదీ దారం పని నేర్పాడు. అప్పటినుంచి సుత్తె గోడకు వేలాడుతోంది. బండలు మాత్రం ఆమెను వదల్లేదు. కట్టిన పుస్తకాల మీద బరువు పెట్టేది రెండు నున్నటి తాండూరు బండలే.

పనిలో సగానికి పైగా వికారాబాద్ నుంచి వచ్చేది. అక్కడ స్టేషన్ ఎదురుగా కిష్టయ్యకు అద్దె పుస్తకాల దుకాణం ఉంది. చిరిగినవి గోనెసంచిలో ప్యాసింజర్ బండెక్కి తాండూరు వచ్చేవి, జిల్దు కట్టించుకుని అదే బండిలో వెళ్లిపోయేవి. ఆ వారం సంచి తీసుకుపోవడానికి కిష్టయ్యే స్వయంగా దిగాడు. ‘పడవలో పులి’ని చేతిలోకి తీసుకుని వెనక నుంచి తిరగేశాడు.

“దొంగ యాడున్నడు శాంతవ్వా?”

“మా మేక కడుపుల ఉన్నడన్నా.”

“నవ్వులాటనా? గీ పుస్తకం కోసం ఆడ పదిమంది నంబర్ ఏసుకొని కూసున్నరు. ఐతారం దాంక చూస్త. ఆఖరు పేజీలు యాడికెల్లి తెస్తవో తే. లేకుంటె నా పుస్తకాలన్ని పట్నం పంపిస్త. ఆడ జిల్దు కట్టెటోళ్లకు మేకలు లేవు.”

ఆయన వెళ్లాక శాంతవ్వ గోడ మీది సుత్తె వైపు ఒకసారి చూసింది. వికారాబాద్ సంచి ఆగితే ఈ గది నిలవదు. గది పోతే మళ్లీ గనే.

తాండూరులో ఆ పుస్తకం ఇంకొకటి లేదు. పరిగి బస్సు కండక్టర్‌తో అడిగించింది, అక్కడా లేదు. ఇక మిగిలింది తానే రాయడం. రాయాలంటే అసలు ఈ కథలు ఎలా ముగుస్తాయో తెలియాలి. ‘పడవలో పులి’ వచ్చిన ‘కిశోర సాహసమాల’లో అంతకుముందు వచ్చిన ఇరవై ఏడు పుస్తకాలూ చిరిగి, కిష్టయ్య వదిలి వెళ్లిన ఆ సంచిలోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే గడపలో కూర్చుని మొదటిది తెరిచింది.

ఆ పుస్తకాల పేరెత్తితే మా ఈడువాళ్ల కళ్లు ఇప్పటికీ చెమరుస్తాయి. కానీ నిజం చెప్పుకోవాలి. కథానాయిక మంజరికి మొదటి పుస్తకంలో పదహారేళ్లు, ఇరవై ఏడో పుస్తకంలోనూ పదహారే. ఆమె అన్న విజయ్ విమానం నడుపుతాడు, ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు. వాళ్లను ఎక్కడ కట్టేసినా చేతికందే చోట ఒక గాజుపెంకు పడి ఉంటుంది. సొరంగం లేని బంగళా లేదు. మా గల్లీల్లో కందిళ్లు పెట్టుకునే రోజుల్లో ఆ సొరంగాల్లో కరెంటు దీపాలు వెలిగేవి. దొంగ మీసం పెట్టుకుంటే కట్టుకున్న పెళ్లాం కూడా గుర్తుపట్టదు. తొమ్మిదో పుస్తకంలో ఆ దొంగ కొండ మీది నుంచి పడి చచ్చిపోయాడు. పదో పుస్తకంలో వాడి కవల తమ్ముడు వచ్చాడు. పదకొండులో ఆ కవలల్లో మూడోవాడు వచ్చాడు. మేమందరం నమ్మాం. నేనైతే గాజుపెంకు ఒకటి ఆరు నెలలు పలకసంచిలో పెట్టుకు తిరిగి, చివరికి వేలు కోసుకున్నాను.

శాంతవ్వ పైకి చదువుతుంటే పక్కింటి మొగులమ్మ జొన్నలు చెరుగుతూ వినేది.

“గీ పోరగాండ్లు బడికి పోరా అక్కా?”

“సెలవులంట.”

“ఇరవై ఏడు పుస్తకాల సంది సెలవులేనా? మరి ఏం తింటరు?”

శాంతవ్వ పేజీలు తిప్పింది. “కాఫీ తాగుతరు. నడుమ నడుమ బిస్కెట్.”

“పాపం, గందుకే గట్ల ఉర్కుతున్నరు. పెద్దోళ్లెవరు లేరా?”

“మేనమామ ఉన్నడు. ప్రతి పుస్తకంల మొదటి పేజీలనే బర్మా పోతడు. ఆఖర్ల వస్తడు.”

“వచ్చేటప్పుడు ఏం తెస్తడు?”

ఈసారి శాంతవ్వకు చాలాసేపు పట్టింది. సంచిలోని పుస్తకాలన్నీ చివర్లు తిరగేసింది. బొమ్మ లేదు, బట్ట లేదు, కనీసం ఒక మిఠాయి పొట్లం లేదు.

“ఏం తేడే మొగులమ్మా.”

మొగులమ్మ చేట కింద పెట్టింది. “మేనమామ అయ్యుండి గన్నిసార్లు ఉత్తచేతులతోని వస్తడా? వాడు బర్మాకు పోతనే లేడక్కా!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగ దొరికాడు.

పాత రిజిస్టర్లలో మిగిలిన గీతల కాగితాలు పదహారు పేజీల కొలతకు కోసి, శాంతవ్వ మూడు రోజులు రాసింది. ఆమె రాసిన దాంట్లో మంజరి మొట్టమొదట వంటింట్లోకి పోయి రెండు జొన్నరొట్టెలు, పుంటికూర తింటుంది. తింటూ తింటూ వంటామెను అడుగుతుంది: “ఇంట్ల ఉన్నది నలుగురమే. రోజుకు రొట్టెలు ఐదుగురికి ఎందుకు కాలుస్తున్నవ్?” వంటామె అటక వైపు చూస్తుంది. అటక మీద మేనమామ! హారం జొన్నల గుమ్మిలో దొరుకుతుంది. సొరంగం లేదు, విమానం లేదు. పులి సంగతి ఒక్క వాక్యంలో తేలిపోయింది: ‘ఈత రాక పడవెక్కింది.’ చిట్టచివర, దాపరికం తెలియని మనిషి గనుక, ఇలా సంతకం పెట్టింది: ‘ఈ పదహారు పేజీలు మేక తిన్నది. మళ్ల రాసింది శాంతవ్వ, తాండూరు.’

ఆదివారం బండిలో సంచి వెళ్లింది. తర్వాత వారం రోజులు వికారాబాద్ నుంచి సంచీ లేదు, కబురూ లేదు. శనివారం శాంతవ్వ గోడ మీది సుత్తె దించి, వదులైన కర్రపిడి తీసేసి కొత్త కామ బిగించింది.

మంగళవారం కిష్టయ్య రెండు సంచులతో వచ్చాడు. వెనకాల నర్సప్ప సారు ఉన్నాడు.

“నా దుకాణం ఆగం జేసినవ్ గదా శాంతవ్వా!” అంటూనే సంచులు దబ్బున పడేశాడు కిష్టయ్య. “పదిమంది నంబర్ ఉండె, ఇప్పుడు నలభై మందైన్రు. మంజరి మన లెక్కనే మాట్లాడుతున్నదని పోరగాండ్లు మస్తు సంబురపడుతున్నరు. తక్కిన పుస్తకాలు ఇస్తుంటె ఒద్దు, చేతిరాతది కావాలె అంటున్నరు.”

శాంతవ్వ ఒక సంచి మూతి విప్పింది. “మరి పట్నం పంపిస్తనంటివి?”

“పట్నపోళ్లు కుట్టుడే చేస్తరు, దొంగను పడ్తరా? గీ సంచిల ఉన్నయన్ని ఆఖరు పేజీలు పోయినయే. కట్టు, రాయి. జల్ది ఏం లేదు.”

శాంతవ్వ లేచి సుత్తెను మళ్లీ మేకుకు తగిలించింది. తగిలించి, అది ఊగడం ఆగేదాకా అక్కడే నిలబడింది.

అప్పుడు నర్సప్ప సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన తహసీల్ ఆఫీసులో గుమాస్తా, నలభై దాటిన మనిషి. కిశోర సాహసమాలను ఉర్దూ పేపర్‌లో దాచుకుని చదువుతాడని వికారాబాద్‌లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదని ఆయన ఒక్కడే అనుకునేవాడు. పనిగట్టుకుని టికెట్టు కొని వచ్చాడు గనుక, ఆ రోజు పేపర్ కూడా పక్కన పెట్టేశాడు.

“చూడమ్మా శాంతవ్వా, మొన్న పట్నంల మా బామ్మర్ది ఇంట్ల నేను అసలు పుస్తకం చదివిన. దొంగ మేనమామ కాదు, పడవోని కవల తమ్ముడు! పులి సర్కస్‌లకెల్లి తప్పిచ్చుకున్నది! రొట్టెల ముచ్చట యాడ లేదు. గిట్ల ఉన్నదొకటి, రాసిందొకటి అయితె సదివెటోళ్లు ఏం గావాలె? నాకు అప్పటి సంది నిద్ర లేదు.”

శాంతవ్వ సూదిలో దారం ఎక్కించి, గడప అవతల కట్టేసిన మేక వైపు ఒకసారి చూసి అంది:

“అయితె ఆ అసలుది గూడ పట్కరాండ్రి సారూ, మా మేక పొద్దుగాల్ల సంది ఏం తినలే.”