ఆరు దగ్గర ఆగిన లెక్క

ఆసుపత్రిలో అందరూ అతన్ని లెక్కల మాస్టారు అంటారు. బళ్ళో పాఠాలు చెప్పి కాదు. మెడ ఎక్స్-రే తీసిన ప్రతిసారీ తెర మీద వేలు పెట్టి, పుర్రె కింద నుంచి ఒక్కొక్క ఎముకనూ బయటికి వినబడేలా లెక్కపెడతాడు. మెడ ఎముకలు ఏడూ వచ్చి, వాటి కింద ఎనిమిదోదాని పై అంచు కూడా కనబడితే గానీ మనిషిని బల్ల మీద నుంచి కదలనివ్వడు.

"ఏం మాస్టారూ, నిన్నటికీ ఇవాళ్టికీ ఎముకలేమన్నా పిల్లల్ని పెట్టాయా?" అని నర్సులు ఆటపట్టిస్తారు. ఇంట్లో మెట్లెక్కుతూ వాటినీ లెక్కపెట్టి గొణుక్కుంటుంటే భార్య, "మన మెట్లు ఎవరూ ఎత్తుకుపోరు లెండి" అంటుంది. నవ్వేసి ఊరుకుంటాడు. ఆ అలవాటు ఎక్కడ పట్టుకుందో ఆవిడకూ చెప్పలేదు.

పదకొండేళ్ళ కిందట పరంజా మీద నుంచి పడిన తాపీమేస్త్రీని తెచ్చారు. మెడకు పట్టీ ఉంది. భుజాలు చూస్తే గుమ్మం పట్టనంత. పక్క నుంచి తీసిన ఫిల్ములో ఆరు ఎముకలు తేటగా వచ్చాయి. ఏడోది భుజాల తెలుపులో మునిగిపోయింది. అప్పుడేం చేయాలో అతనికి కొట్టినపిండి. ఒకరు కాళ్ళ వైపు నిలబడి రెండు చేతులూ మెల్లగా కిందికి లాగి పట్టుకుంటే మళ్ళీ తీయాలి. అప్పటికీ రాకపోతే ఒక చేయి తల మీదికి ఎత్తించి తీయాలి. పది నిమిషాల పని. బయట వరసలో పదిహేడు మంది ఉన్నారు.

"ఏదో పట్టేసిందంతే తమ్ముడూ, ఇంటికి పంపెయ్," అన్నాడు మేస్త్రీ.

కుర్ర డాక్టరు ఫిల్ము పట్టుకుని తలుపు దగ్గరికొచ్చాడు. "ఏడూ వచ్చాయా అన్నా? కింద సరిగ్గా కనబడటం లేదు."

"వచ్చాయి సార్. నేను చూశాగా."

అనుభవం ఉన్నవాడి మాట కదా, డాక్టరు నమ్మాడు. పట్టీ విప్పించి పంపేశాడు.

ఐదో రోజు మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, చేతిలో గ్లాసు నిలవడం లేదని. స్కానింగులో తేలింది. ఏడో ఎముక విరిగి, కిందిదాని మీద ముందుకు జారింది. ఆపరేషన్ చేస్తే నడక మిగిలింది గానీ వేళ్ళలో పట్టు పోయింది. తాపీ పట్టిన చేయి మళ్ళీ తాపీ పట్టలేదు. విచారణలో డాక్టరు "నేనే చూసుకోవాల్సింది" అన్నాడు, ఇంకొకరి పేరెత్తలేదు. ఇతను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఆరు నెలలకు డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయాడు.

తప్పు చేసినవాడికి నాలుగు తిట్లు పడితే కాస్త తేలిక. ఇతనికి మెప్పులు పడ్డాయి. మేస్త్రీ ఏటా పరీక్షకొస్తాడు, నువ్వే తీయాలంటాడు. "ఆ గుడ్డి డాక్టరు కళ్ళు పోనూ" అని ఏటా ఒకసారి శపించి వెళతాడు.

ఈ మంగళవారం కూడా వచ్చాడు. లెక్క ఏడుకొచ్చింది, ఆపరేషన్‌లో బిగించిన మరలు కదల్లేదు.

"మా చిన్నమ్మాయి ఈ ఎక్స్-రే చదువులోనే చేరింది తమ్ముడూ. నీ దగ్గరికి పంపుతా, పని నేర్పు. ఆ డాక్టరు సంగతి చెప్పి, అలా ఉండకూడదని నేర్పు."

అతను మేస్త్రీ చొక్కా గుండీలు పెడుతున్నాడు. మేస్త్రీ వేళ్ళకు అవి పట్టవు కాబట్టి ఏటా తనే పెడతాడు. మూడో గుండీ దగ్గర చేయి ఆగింది.

"ఆ రోజు ఆరే వచ్చాయి మేస్త్రీ గారూ. డాక్టరు అడిగాడు. ఏడూ వచ్చాయని నేనే చెప్పాను."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే."

మేస్త్రీ మిగతా గుండీలు పెట్టనివ్వలేదు. అతని చేయి పక్కకు తోసి అన్నాడు: "చెయ్యని తప్పుకి ఒకడికి పదకొండేళ్ళుగా శాపనార్థాలు పెడుతున్నానన్నమాట. నువ్వు వింటూ కూర్చున్నావు."

మేస్త్రీ విప్పి ఉన్న చొక్కాతోనే బల్ల దిగాడు.

"ఆ డాక్టరు నంబరుందా?"

ఉంది. ఫిల్ముల బీరువా తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసి ఉంది. పదకొండేళ్ళలో ఆ నంబరుకు ఒక్కసారీ ఫోను చేయలేదు.

"ముందు నేను మాట్లాడాలి. ఆ తర్వాత నాకు చెప్పిందే అతనికీ చెప్పు. మా అమ్మాయి సంగతి తర్వాత చూద్దాం." మేస్త్రీ తన ఫోను బల్ల మీదికి తోశాడు. "నువ్వే నొక్కు. నా వేళ్ళు నిలవవు."

అతను బీరువా తలుపు తీసి, ఒక్కొక్క అంకెనూ పైకి చదువుతూ పదీ నొక్కాడు. అవతల మోగుతోంది.