నా రొడ్డచేతికి విల్లు వైద్యం

ఆ రోజుల్లో పిల్లలకు జబ్బులు తక్కువ, వైద్యాలు ఎక్కువ. నాకున్న జబ్బు ఒక్కటే, ఎడమచేతి వాటం. కన్నడ సీమలో ఉన్న మా పల్లె పరగోడులో దాన్ని రొడ్డచెయ్యి అనేవారు, నన్ను రొడ్డి అనేవారు (అసలు పేరు బడి హాజరు పుస్తకానికి మాత్రమే తెలుసు). ఏడేళ్ళ నేను అన్నం తినడం, పలక మీద రాయడం, ఆఖరికి హారతి కళ్ళకద్దుకోవడం కూడా ఆ చేత్తోనే. మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున్నే పాత చీర పేలికతో ఆ చేతిని నా నడుముకు కట్టేసి బడికి పంపేది. కుడిచేత్తో నేను రాసిన కన్నడ అక్షరాలు చూడలేక మేష్ట్రు ఒకరోజు ఇంటికే వచ్చాడు. "ఎడగై బేడవే బేడమ్మా, ఎడమచెయ్యి వద్దే వద్దు. యుగాది దాకా చూస్తాను. కుడిచేత్తో కుదరకపోతే బిడ్డను ఇంట్లోనే పెట్టుకోండి" అని, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. బడి మానితే ఎనుముల వెంట, అదే గేదెలు మేపడానికి, పోవాలి. ఎనుములకు నేనంటే గిట్టదు.

మా అమ్మ తమ్ముడు, మామ, చింతామణి సంతకు కూరగాయలు తోలేవాడు. అందుచేత ఆయనకు లోకజ్ఞానం ఉందని ఇంట్లో అందరి నమ్మకం, ముఖ్యంగా ఆయనది. "చేతికి బలం లేక గదత్తా రొడ్డ వచ్చేది! బాణాలేయిస్తే కుడిచెయ్యి దానంతటదే దారికొస్తాది" అని అవ్వకు చెప్పి, వెదురుబద్ద వంచి, జనుపతాడు బిగించి విల్లు చేశాడు. కంది పుల్లల కొనకు గుడ్డ చుడితే బాణాలు. పశువుల కొట్టం గోడమీద ఓటికుండ బోర్లించి, "విల్లు ఎడమచేత్తో పట్టుకోవల్ల, నారి కుడిచేత్తో లాగల్ల. ఇంట్లో పటంలో రాములవారిని చూడు" అన్నాడు. రాములవారితో వాదించలేక ఒప్పుకున్నాను. సాయంత్రాలు పేలిక ముడి విప్పి నాచేత బాణాలు వేయించేవారు. మొదటి రోజు బాణం మజ్జిగ కుండకు తగిలింది, రెండో రోజు మామ తలగుడ్డకు. ఓటికుండకు మాత్రం పదిహేను రోజులు ఏ అపాయమూ జరగలేదు. అయితే ఊపిరి బిగబట్టి, చూపు నిలిపి, కదలకుండా నిలబడటం వచ్చింది. అంతకుముందు నేను రాగిముద్ద మింగేంతసేపు కూడా ఒకచోట నిలిచిన పిల్లను కాదు.

యుగాది దగ్గర పడింది. అవ్వకు ఓపిక తీరిపోయింది. "ఇంత చేతగానిదానివేమే! ఇట్ల తే" అని విల్లు లాక్కుంది. రాములవారి పద్ధతిలోనే వేసింది. మొదటి బాణం ఆమె కాలిమీదే పడింది. రెండోది నారి వదలనే లేదు. "ఈ బద్దే మంచిది గాదు" అంది. "ఆడలేక మద్దెల ఓడు అన్నెట్ల ఉండాది అత్తా" అని మామ పగలబడి నవ్వాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి మేక వచ్చి, వాకిట్లో ఆరబోసిన శెనక్కాయల్లో మూతి పెట్టింది. "నీ నోరు పడిపోనూ!" అంటూ అవ్వ విల్లు కుడిచేతికి మార్చి, ఎడమచేత్తో నారి లాగి వదిలింది. బాణం సరిగ్గా మేక పిర్రకు తగిలింది. అది అరుస్తూ గోడ దూకి పోయింది.

మామ నవ్వు ఆగిపోయింది. "అత్తా, నువ్వు గూడా రొడ్డేనా?"

అవ్వ తన చేతిని తిప్పి చూసుకుంది. "మా యమ్మ కట్టేసినప్పుడు నాకు ఐదేండ్లప్పా. యాభై ఏండ్లయినా ఈ సచ్చిందానికి బుద్ధి రాలేదు చూడు" అంది. ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకుంది, అదీ ఎడమచేత్తోనే. నా నడుముకు వేలాడుతున్న పేలిక విప్పి పొయ్యిలో వేసింది. తర్వాత నేను ఎడమచేత్తో లాగిన మూడో బాణానికి కుండ పగిలింది. "నా వైద్యం ఎట్ల ఉండాది?" అన్నాడు మామ.

మరునాడు అవ్వ నాతో బడికొచ్చింది. "అప్పా, బిడ్డ యా చేత్తో రాస్తే నీకేం? అక్షరం బాగుండాదా లేదా, అది చూడు. కాదంటావా, నేను ఈడ్నే కూసుంటా." మేష్ట్రు నా పలక చూశాడు, అవ్వను చూశాడు. "ఆగలమ్మా, అట్లే కానీ, రాయనీ" అన్నాడు (మేక సంగతి అప్పటికే ఆయన చెవిన పడిందట). నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఆ సాయంత్రం అవ్వ నా పక్కన కూర్చుని పలక నా ముందు పెట్టింది. "నా పేరు ఎట్ల రాస్తారే?" నేను రాసి చూపించాను. బలపం ఎడమచేత్తో పట్టుకుని, నాలుక బయటపెట్టి, చాలాసేపు కష్టపడి రాసింది. నేను మేష్ట్రులాగా ముఖం పెట్టి "బాగలేదు, మళ్ళీ రాయి" అని తుడిపేశాను. అట్లా మూడుసార్లు. పాపం, మళ్ళీ మళ్ళీ రాసింది. అవ్వ వయసు కూడా దాటేసిన ఈనాడు ఒప్పుకుంటున్నాను, మొదటిసారి రాసిందే బాగుంది. నా అక్షరాలకంటే గుండ్రంగా వచ్చిందనే తుడిపేశాను.