లండను కోట కాకులు

మా బడి మేష్టారు మొన్న పోయారు. మన్యం జ్వరమే. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో మీకు చెప్పేస్తాను, ఇక దాచలేను.

మైదానం నుంచి మిషన్ బడికి వచ్చిన మనిషి. బల్లిని చూసినా ఉలిక్కిపడేవారు. అలాంటి మనిషికి ఇంగ్లండు కథలంటే మహా పిచ్చి! తల లేని రాణి కోటలో తిరగడం, బీళ్లలో నల్లకుక్క బాటసారుల వెంటపడడం. పట్టపగలే కిటికీలు మూసి చెప్పేవారు. పిల్లలకంటే ఆయనే ఎక్కువ వణికేవారు. "భయమేస్తే భయమేసిందని సెప్పీడమే మంచిదమ్మా" అనేవారు నాతో.

కాకుల సంగతీ ఆయన చెప్పిందే. లండను కోటలో పెద్ద నల్లకాకులుంటాయట. అవి ఎగిరిపోతే రాజ్యం కూలిపోతుందట. అందుకని రెక్కలు కత్తిరించి, మాంసం పెట్టి మేపుతారట.

అవి పితూరీ రోజులు. తెల్లదొరల మీద మన్యం తిరగబడింది, మా ఊళ్లోనూ పోలీసులు దిగారు. తొమ్మిదేళ్ల నా కూతురు, మా గుంట, కథ విన్న మర్నాడే ఠాణా కప్పు మీది కాకుల్ని రాళ్లతో తరిమేసి వచ్చింది.

"ఏటే ఆ పని?"

"కాకులు ఎగిరిపోతే దొరలు ఎల్లిపోతారంట కదమ్మా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలోనే వీధిలో పోలీసు జమేదారు కేకలు. "రాళ్లేసిందెవరు? చెప్పకపోతే ఇల్లిల్లూ సోదా చేస్తా!" మా ఆయన ఊళ్లో లేరు. గుంటను వెనక గదిలో గాదెలో కూర్చోబెట్టి మూత పెట్టేశాను. తలుపు సందులోంచి చూస్తే మేష్టారు ఎదురుగా ఉన్న బడిలోంచి వస్తున్నారు. గుంట రాళ్లు వెయ్యడం బడి కిటికీలోంచి ఆయన చూసే ఉంటారు. నేరుగా వెళ్లి జమేదారు ముందు నిలబడ్డారు.

"నేనేనండి. కాకుల గోల పడలేక ఇసిరాను."

ఆయన్ని మా గుమ్మం ముందునుంచే నడిపించుకు వెళ్లారు. ఆయన ఇటు తల తిప్పలేదు. తిప్పితే జమేదారూ ఇటే చూస్తాడు కదా. నేను తలుపు తియ్యలేదు.

పదకొండో రోజున తిరిగొచ్చారు. కుడిచేతి వేళ్లు రెండు వంగేవి కావు. మజ్జిగ పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "గుంట బెదిరిపోయిందేమోనమ్మా, బేగి బడికి పంపండి" అన్నారు, అంతే. ఐదేళ్లు ఎదురింట్లోనే ఉండి, "మా గుంటను కాపాడారు" అన్న ఒక్క మాట అనలేకపోయాను. పిరికిదాన్ని. మా గుంటకీ నిజం తెలియనివ్వలేదు. "పితూరీదారులకు సాయం చేశారని పట్టుకెళ్లారే" అన్నాను.

ఆయన పోయాక ఇక దానికి చెప్పక తప్పదనే నా భయం. నిన్న ఆయన్ని మట్టిచేసి వచ్చాం, ఇందాక దానికి నిజం చెప్పాను.

"ఆయన బతికున్నప్పుడు ఎందుకు సెప్పనేదమ్మా? కాళ్లు పట్టుకుందును కదా."

అది లేచి వెళ్లి బడి అరుగు మీద కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి, వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. గుమ్మంలో నిలబడ్డాను. దాన్ని పిలవాలంటే భయంగా ఉంది.